షార్ట్ స్కేల్ బేస్ గిటార్: మైక్రో, బ్రాంకో, మస్టాంగ్‌లలో ఏది మేలు?

బేస్ గిటార్ నేర్చుకుందామని దుకాణానికి వెళ్లిన వారి చేతిలో మొదట పెట్టేది దాదాపు ఎప్పుడూ 34 అంగుళాల స్కేల్ ఉన్న వాద్యమే. స్కేల్ అంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలను నిలిపే భాగం) మీది శాడిల్ (తీగ ఆనే చిన్న దిమ్మ) వరకు తీగ స్వేచ్ఛగా మోగే పొడవు. 1951లో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్‌ను ఈ కొలతతో తెచ్చింది. తర్వాత వచ్చిన వాటిలో ఎక్కువ భాగం దాన్నే అనుసరించాయి. అయితే పన్నెండేళ్ల పిల్లలకు, చేతులు చిన్నవైన పెద్దలకు, ఏళ్ల తరబడి మామూలు గిటార్ వాయించి ఇప్పుడు బేస్‌కు మారదలచిన వారికి ఆ నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ) మొదటి నాలుగు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ మెట్ల) దగ్గరే మొరాయిస్తుంది. వారి కోసం 30 అంగుళాల చుట్టుపక్కల స్కేల్ ఉన్న వాద్యాలు ఉన్నాయి. వాటినే షార్ట్ స్కేల్ బేస్ అంటున్నారు. అందుబాటు ధరలో కొత్తగా కొనదగినవాటిలో ఇబానెజ్ మైక్రో, స్క్వయర్ బ్రాంకో, స్క్వయర్ క్లాసిక్ వైబ్ మస్టాంగ్ అనే మూడింటి మధ్యనే చాలామంది తటపటాయిస్తారు కనుక ఇక్కడ పోలిక ప్రధానంగా వాటికే పరిమితం.

ముందుగా కొలతలు చూడాలి. మైక్రో స్కేల్ 28.6 అంగుళాలు, బ్రాంకో, మస్టాంగ్ రెండూ 30 అంగుళాలు. చూపుడు వేలు మొదటి ఫ్రెట్ మీద, చిటికెన వేలు నాలుగో ఫ్రెట్ మీద పెట్టాలంటే 34 అంగుళాల బేస్ మీద చెయ్యి సుమారు 130 మిల్లీమీటర్లు చాపాలి. 30 అంగుళాల మీద అది 114కు, మైక్రో మీద 109కి తగ్గుతుంది. పెద్ద బేస్ నుంచి 30 అంగుళాలకు దిగినప్పుడు కలిసివచ్చేది దాదాపు ఒక వేలి వెడల్పు. అక్కడి నుంచి మైక్రోకు దిగితే దక్కేది మరో ఐదు మిల్లీమీటర్లే. ఎంత పొట్టిదైతే అంత సులువని లెక్క వేసుకునేవారు ఈ చివరి ఐదు మిల్లీమీటర్లకు ధ్వనిలో చెల్లించవలసిన మూల్యం ఎంతో కూడా తెలుసుకోవాలి.

డబ్బు పెట్టక ముందే తేడాను చేతితో తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. దగ్గరలో ఎవరి వద్దనైనా మామూలు 34 అంగుళాల బేస్ ఉంటే రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే బిగింపు) బిగించండి. అక్కడి నుంచి బ్రిడ్జ్ వరకు మిగిలే పొడవు సుమారు 30.3 అంగుళాలు. కాపోను మూడో ఫ్రెట్‌కు జరిపితే మిగిలేది సరిగ్గా మైక్రో స్కేల్ అయిన 28.6 అంగుళాలు. స్థాయి పెరుగుతుంది, బిగువు మారదు కాబట్టి ధ్వనిని ఇలా అంచనా వేయలేము కానీ వేళ్ల మధ్య దూరం మాత్రం ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది. కాపో లేకపోతే మూడో ఫ్రెట్‌నే నట్ అనుకుని, దానికి పైనున్న నాలుగు ఫ్రెట్ల మీద పది నిమిషాలు వాయించి చూసినా చాలు.

ఆ పరీక్షలోనే మరొకటి కూడా గమనించండి. ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు అన్న పద్ధతిని మొదటి ఫ్రెట్ల దగ్గర కూడా పట్టుబట్టి నేర్పడం వల్లనే చాలామందికి మణికట్టు నొప్పి వస్తుంది. ఇంతకన్నా ఎంతో పొడవైన తీగలున్న డబుల్ బేస్ వాద్యకారులు కింది స్థానాల్లో మూడు స్వరాల మేరకే చేతిని ఉంచి, చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు వాడతారు. ఉంగరపు వేలు చిటికెన వేలికి ఊతంగా ఉంటుంది. ఈ పద్ధతితో 34 అంగుళాల బేస్ సుఖంగా పలికితే మీకు షార్ట్ స్కేల్ అక్కరలేదు. అదే ధరలో పెద్ద బేస్‌లలో ఎంపిక కూడా ఎక్కువ. ఇది చదివాక కొందరు కొనే ఆలోచనే మానుకోవచ్చు, మానుకున్నా తప్పులేదు.

ఇక ధ్వని. తీగ మందం, శ్రుతి మార్చకుండా పొడవు తగ్గిస్తే బిగువు పొడవు వర్గానికి అనుగుణంగా తగ్గుతుంది. 34 నుంచి 30 అంగుళాలకు వస్తే దాదాపు 22 శాతం, మైక్రో స్కేల్‌కు వస్తే దాదాపు 29 శాతం బిగువు పోతుంది. పై తీగల మీద ఇది హాయినిస్తుంది: తక్కువ బలంతో నొక్కవచ్చు, తీగను పక్కకు లాగి గమకం వంటిది కూడా పలికించవచ్చు. ఇబ్బంది అంతా 41 హెర్ట్జ్ దగ్గర మోగే, అన్నిటికన్నా మందమైన ఇ (E) తీగతోనే. బిగువు చాలక అది వదులుగా ఊగుతుంది, గట్టిగా మీటితే స్వరం మొదట కొంచెం పైకి ఎగిరి తర్వాత కిందికి కుదురుకుంటుంది, ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. దీనికి విరుగుడు మందమైన తీగ. ఇ తీగ మందాన్ని 100 నుంచి 105కు (అంగుళంలో వెయ్యో వంతుల్లో) మారిస్తే ఉన్న బిగువు సుమారు పదో వంతు పెరుగుతుంది. దానితో పాటు కుడిచేతి మీటును తేలిక చేసుకోవాలి. షార్ట్ స్కేల్‌కు ఉన్న గుండ్రని, మెత్తని, కొద్దిగా మూసుకున్నట్టుండే నాదం కొందరికి లోపంగా, కొందరికి సొగసుగా తోస్తుంది. పాట వెనుక నిలబడి నడిపించే బేస్‌కు నేను ఆ నాదాన్నే ఇష్టపడతాను. వేలితో కొట్టి లాగి వాయించే స్లాప్ పద్ధతి మీద మోజున్నవారికి నా ఇష్టంతో పనిలేదు.

ఇబానెజ్ మైక్రో, అంటే జీఎస్‌ఆర్‌ఎం20, ఈ మూడింటిలో అన్నిటికన్నా పొట్టిది. 22 ఫ్రెట్లు ఉండటం వల్ల అన్నిటికన్నా సన్నని జి (G) తీగ మీద పై ఎఫ్ వరకు వెళ్లవచ్చు. మిగిలిన రెండూ 19 ఫ్రెట్లతో డి దగ్గరే ఆగుతాయి. నేర్చుకునేవారికి ఆ మూడు స్వరాలతో పని పడేది అరుదే. దీని అసలు బలం రెండు పికప్‌లలో (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలలో) ఉంది. నెక్ వైపు ప్రెసిషన్ తరహా రెండు ముక్కల పికప్, బ్రిడ్జ్ వైపు ఫెండర్ జాజ్ బేస్ తరహా సన్నని పికప్, ఒక్కోదానికి ఒక్కో వాల్యూమ్, రెండిటికీ కలిపి ఒక టోన్. తక్కువ ధరలో ఇన్ని ధ్వనులు మిగిలిన రెండూ ఇవ్వవు. అయితే ఒక విచిత్రం ఉంది. పొడవు తక్కువైనా మైక్రో నెక్ నట్ దగ్గర 41 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మస్టాంగ్‌ది దాదాపు 38 మాత్రమే. చెయ్యి చాచడంలో కష్టపడేవారికి మైక్రో సాయపడుతుంది, నెక్ చుట్టూ బొటనవేలు తిప్పి పట్టుకోవడంలో కష్టపడేవారికి మస్టాంగ్ సాయపడుతుంది. మీ కష్టం ఈ రెండిటిలో ఏదో తేల్చుకోకుండా స్కేల్ అంకె ఒక్కటే చూసి కొంటే పొరపాటు పడతారు. మైక్రో ఇ తీగ ముందు చెప్పిన వదులుతనానికి తేలికగా లోనవుతుంది కూడా. మందమైన తీగల ఖర్చును దీని ధరలో భాగంగానే లెక్కవేయాలి.

బ్రాంకోది మైక్రోకు దగ్గర ధర, స్వభావం మాత్రం పూర్తిగా వేరు. ఒకే ఒక సింగిల్ కాయిల్ పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్. తిప్పి చూడడానికి ఏమీ లేకపోవడం నేర్చుకునేవారికి మేలే. చిక్కులు రెండు. మొదటిది హమ్. సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల విద్యుత్ తీగల గుయ్‌మనే శబ్దాన్ని పట్టుకుంటుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో, ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన కూర్చుంటే అది మరీ ఎక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ తీగ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 49 హెర్ట్జ్ కావడంతో హమ్ కూడా ఇంచుమించు శ్రుతిలోనే ఉంటుందన్నది చిన్న ఓదార్పు. రెండోది బ్రిడ్జ్. చాలా ఏళ్లపాటు వచ్చిన బ్రాంకోలలో నాలుగు తీగలకు రెండే శాడిళ్లు ఉండేవి. జంటలో ఒక తీగకు పై ఫ్రెట్లలో శ్రుతి సరిచేస్తే రెండోది కొద్దిగా తప్పుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఇది తప్పక చూడాలి. అలాంటి పాత బ్రాంకో పికప్ మీది ప్లాస్టిక్ మూత తీస్తే కింద కనిపించేది ఆరు ధ్రువాల మామూలు గిటార్ పికప్. అందుకే సోల్డరింగ్ తెలిసినవారు బ్రాంకో కొని పికప్, బ్రిడ్జ్ రెండూ మార్చుకుంటారు. అది వారికి సరదా. ఆ సరదా లేనివారికి, మార్పులతో కలిపి ఖర్చు మస్టాంగ్ ధర దరిదాపులకు చేరుతుందని గుర్తుచేయాలి.

క్లాసిక్ వైబ్ మస్టాంగ్ ధర మొదటి రెండిటికీ ఇంచుమించు రెట్టింపు. అందుకు తగినది ఇస్తుందా అంటే, ఇస్తుందనే నా అభిప్రాయం. 1966లో ఫెండర్ తెచ్చిన మస్టాంగ్ బేస్‌కు ఇది దగ్గరి అనుకరణ. రోలింగ్ స్టోన్స్ బృందపు బిల్ వైమన్, టాకింగ్ హెడ్స్ బృందపు టీనా వేమౌత్ వంటి వారు అసలు మస్టాంగ్‌ను పెద్ద వేదికల మీద వాయించారు కనుక షార్ట్ స్కేల్ అంటే పిల్లల ఆటవస్తువన్న మాట చెల్లదు. దీని పికప్ రెండు ముక్కలుగా ఉండి హమ్‌ను తనంతట తానే రద్దు చేసుకుంటుంది. తీగలు బాడీ వెనుక నుంచి దూరి బ్రిడ్జ్ మీదికి వస్తాయి. ఇ తీగ స్పష్టతలో ఈ మూడింటిలో ఇదే ముందుంటుంది. ఉన్నది ఒకే పికప్ కనుక మైక్రోలా రకరకాల ధ్వనులు రావు, కానీ వచ్చే ఆ ఒక్క ధ్వని బృందంలో డ్రమ్స్, కీబోర్డ్ మధ్య నిలబడుతుంది. ఆదివారం చర్చిలో రెండు మూడు గంటలు వాయించవలసినవారికి అదే ముఖ్యం.

వయొలిన్ ఆకారపు హాఫ్‌నర్ ఇగ్నిషన్ మాటేమిటని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్‌నర్ 500/1కు ఇది చౌక రూపం. ఎడమచేతి వాటం ఉన్న ఆయనకు రెండు వైపులా సమానంగా ఉన్న ఆ ఆకారం తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడలేదట. 1972లో దొంగలపాలైన ఆ వాద్యం మళ్లీ ఆయన చేతికి చేరిన సంగతి 2024లో బయటికి వచ్చింది. లోపల బోలుగా ఉండటం వల్ల ఇగ్నిషన్ చాలా తేలిక, ఇంట్లో ఆంప్లిఫయర్ లేకపోయినా కొంత వినబడుతుంది. ఆ బోలుతనం వల్లనే వేదిక మీద శబ్దం పెంచితే కూత పెడుతుంది. పాత పాటల నాదమే కావాలనుకునేవారికి తప్ప మొదటి బేస్‌గా దీన్ని సూచించలేను.

కొన్న తర్వాతి ఖర్చు గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. షార్ట్ స్కేల్ తీగలు ప్రతి ఊళ్లో దొరకవు. డాడారియో ఈఎక్స్‌ఎల్170ఎస్ వంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి వస్తుంది. మస్టాంగ్‌కు మరో మెలిక కూడా ఉంది. తీగ బాడీలోంచి వస్తుంది కనుక కొన్ని షార్ట్ స్కేల్ సెట్ల మందపాటి చుట్టు నట్ దాకా చాలకపోవచ్చు. తీగ చివరి గుండు కూర్చునే చోటు నుంచి నట్ వరకు టేపుతో కొలిచి, అంతకన్నా పొడవైన చుట్టు ఉన్న సెట్ కొనాలి. పెద్ద బేస్ తీగలనే కత్తిరించి వాడుకోవచ్చు కదా అని నేనూ ఒకసారి అనుకున్నాను. తీగ బిగించే కీ దగ్గర ముందుగా మడత వేయకుండానే కత్తిరించడంతో పైచుట్టు లోపలి తీగ మీద జారి, ఆ తీగ నాదం పూర్తిగా చచ్చిపోయింది. మడిచాకే కత్తిరించాలి. అప్పుడైనా మందపాటి చుట్టు కీ స్తంభానికి తిరిగే చోట తెగే ప్రమాదం ఉంటుంది.

సెట్టప్‌కు కూడా కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఈ ధరలో వచ్చే ఏ వాద్యమైనా పెట్టెలోంచి తీసిన రోజున నెక్ వంపు, తీగల ఎత్తు, ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా శ్రుతి కుదరడం) సరిగ్గా ఉంటాయన్న హామీ లేదు. కాకినాడ, విశాఖపట్నం తేమలో నెక్ వంగే తీరు ఒకటి, హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలిలో మరొకటి. పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ మొనలు అంచు దాటి అరచేతికి గుచ్చుకుంటాయి. వీణకు మెట్లు మైనంలో కూర్చోబెడతారు కనుక మళ్లీ సర్దవచ్చు. ఇక్కడ ఫ్రెట్లు చెక్కలో దిగగొట్టినవి, మొనలను ఆకురాయితో రాయించడమే దారి. బాగా సెట్టప్ చేసిన మైక్రో, అసలు చెయ్యి వేయని మస్టాంగ్‌ కన్నా మెరుగ్గా పలుకుతుంది.

ఏది కొనాలన్నది కొనే మనిషిని బట్టి ఉంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు మైక్రో తప్ప మరొకటి అనుకోనవసరం లేదు. చేతులు పెరిగాక 34 అంగుళాలకు మారితే కొద్ది వారాల్లో అలవాటవుతుంది, రెండు పికప్‌ల ధ్వనులతో అప్పటికే పరిచయం ఉంటుంది. గిటార్ నుంచి వస్తున్న పెద్దలకు, చేతులు చిన్నవై బేస్‌ను చాలాకాలం వాయించదలచిన వారికి మస్టాంగ్. ఆ ధర ఇప్పుడు అందకపోతే బ్రాంకో కొని తర్వాత బాగుచేద్దామనుకోవడం కన్నా, మైక్రో కొని మిగిలిన డబ్బుతో 105 మందపు తీగలు వేయించి సెట్టప్ చేయించడం మేలు. బ్రాంకో మంచిదే, కానీ అది సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉన్నవారి వాద్యం. మిగిలినవారు కొత్త బ్రాంకో కొనేముందు కనీసం బ్రిడ్జ్ మీద శాడిళ్లు ఎన్నో లెక్కపెట్టి, అమ్మకందారు ముందే ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన ఆంప్లిఫయర్ పెట్టించి వినాలి.