దగ్గితే మూత్రం జారుతోందా: ఫిజియోథెరపీనా, ఆస్టియోపతీనా?

కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం జారుతుంటే ముందు వెళ్లాల్సింది పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాలు) ఫిజియోథెరపిస్టు దగ్గరికే. మీ అనుమతితో, గ్లవ్స్ వేసుకున్న వేలితో యోని లోపల పరీక్షిస్తారు. కండరం ఎంత గట్టిగా బిగుస్తోంది, ఎన్ని సెకన్లు నిలుస్తోంది, మళ్లీ పూర్తిగా వదులవుతోందా అన్నది తెలిశాకే వ్యాయామం. బ్రిటన్‌లో వైద్య సలహాలిచ్చే సంస్థ నైస్ మార్గదర్శకాల ప్రకారం విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. చాలామంది అసలు కండరం బదులు పొట్టనో పిరుదులనో బిగించి ఊపిరి బిగబడతారు. ఒత్తిడంతా కిందికి పడి జారడం ఎక్కువవుతుంది.

ఆస్టియోపతి దారి వేరు. నడుము, తుంటి, పక్కటెముకలు, సిజేరియన్ కోత మచ్చ చుట్టూ చేత్తో కదిలించి బిగుతు తగ్గించాలని చూస్తారు. నడుంనొప్పి, ముడ్డిపూస నొప్పి తోడుగా ఉంటే కొంత ఉపశమనం దొరకొచ్చు. నీరసపడ్డ కండరానికి బలం మాత్రం రాదు. మూత్రం జారడానికి ఇది పనిచేస్తుందనే ఆధారాలూ తక్కువే. బ్రిటన్‌లో 1993 నాటి చట్టం వల్ల నమోదైనవాళ్లే ఆస్టియోపాత్ అని చెప్పుకోగలరు. మన దగ్గర బోర్డు చూసి నమ్మేయకండి, ఎక్కడ చదివారో అడగండి.

కలయికలో నొప్పి, మూత్రం ఆగి ఆగి రావడం ఉంటే కండరం బిగుసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు కెగెల్ (పైన చెప్పిన బిగింపు వ్యాయామం) చేస్తే ఇంకా ముదురుతుంది, ముందు వదులు చేయడం నేర్చుకోవాలి. మూత్రంలో రక్తం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం బిగబట్టుకుపోవడం కనిపిస్తే ఫిజియోథెరపీ, ఆస్టియోపతీ రెండూ వద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.