ఎంపీ3ట్యాగ్: డీజే పాటల పేర్లను దారికి తెచ్చే సాఫ్ట్‌వేర్, నల్లగొండ నుంచి ఒక సమీక్ష

గడిచిన మాఘంలో దేవరకొండ వైపు ఒక ఊళ్ళో బరాత్ నడుస్తుండగా పెండ్లికొడుకు మేనమామ నా దగ్గరికి వచ్చి, తంగేడు పూల మీద ఉన్న ఒక జానపద గీతం వేయమని అడిగారు. ఆ పాట నా ల్యాప్‌టాప్‌లో ఉందని నాకు ఖాయంగా తెలుసు. ఇంగ్లీషు అక్షరాలలో తంగేడు అని కొట్టి వెతికితే ఒక్క ఫైలూ రాలేదు. "ఏమైంది తమ్మీ, పాట లేదా?" అని ఆయన రెండోసారి అడిగేసరికి నేను వేరే పాట అందుకోవలసి వచ్చింది. ఇంటికి వచ్చి చూస్తే అదే పాట మూడు చోట్ల ఉంది. ఒక ఫైలు మీద తంగేడులోని మొదటి అక్షరాన్ని 'టి' పక్కన 'హెచ్' చేర్చి రాశారు, రెండోదాని పేరు 'ట్రాక్ 07', మూడోదాని మొదట్లో పాటను దించుకున్న వెబ్‌సైట్ చిరునామా, చివర రీమిక్స్ చేసినవారి పేరు ఉండి, నడుమ ఉండవలసిన పాట పేరే లేదు. నా దగ్గర ఉన్న సుమారు 14,000 పాటలలో సగానికి పైగా ఇదే తీరుగా ఉన్నాయని అప్పుడు గ్రహించి, ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టాను. నాలుగు నెలలుగా ప్రతిరోజూ వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

దీనిని తయారుచేసినవారు జర్మనీకి చెందిన ఫ్లోరియన్ హైడెన్‌రైక్. విండోస్ మీద ఉచితంగా దొరుకుతుంది, మ్యాక్ మీద మాత్రం కొనుక్కోవాలి. ఇది పాటలు వాయించే సాఫ్ట్‌వేర్ కాదు, మిక్సింగ్ చేసేది అంతకన్నా కాదు. పాట ఫైలు లోపల దాగి ఉండే పేరు, గాయకులు, ఆల్బమ్, సంవత్సరం, బొమ్మ వంటి వివరాలను, అంటే ట్యాగులను, ఒకేసారి వందల ఫైళ్ళలో మార్చడం దీని పని. ట్యాగు మార్చినంత మాత్రాన పాట శబ్దంలో నాణ్యత తగ్గదు. ఈ సందేహం నన్ను చాలామంది తోటి డీజేలు అడిగారు కనుక ముందే చెబుతున్నాను.

నాకు అన్నింటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చినవి రెండు సదుపాయాలు. మొదటిది ఫైలు పేరు నుంచి ట్యాగు రాయించడం, ట్యాగు నుంచి ఫైలు పేరు రాయించడం. ఫైలు పేరులో ముందు పాట, గీత తరువాత గాయకుల పేరు ఉన్నాయనుకుంటే, ఆ వరుసను ఒకసారి చెప్పి ఆల్ట్, 2 మీటలు నొక్కితే, ఎంచుకున్న ఫైళ్ళన్నింటిలోనూ ఆ రెండు ముక్కలు వాటి వాటి గడులలోకి వెళ్ళిపోతాయి. రెండోది 'యాక్షన్లు' అనే సదుపాయం. వెబ్‌సైట్ల చిరునామాలు టైటిల్‌లో, ఆల్బమ్‌లో, కామెంట్‌లో ఎక్కడ ఉన్నా తీసివేయమని, పెద్ద బొమ్మలను చిన్నవి చేయమని ఒకసారి రాసిపెట్టుకుంటే, కొత్తగా వచ్చిన ప్రతి ఫోల్డర్ మీదా ఒక్క నొక్కుతో అదే పని జరుగుతుంది.

అయితే మన భాషకు వచ్చేసరికి యాక్షన్లను కళ్ళు మూసుకొని నమ్మరాదు. తంగేడు అనుభవం తరువాత నేను, 'టి ఏ' అని ఉన్నచోటల్లా 'టి హెచ్ ఏ' అని మార్చమని ఆదేశించాను. ఇంగ్లీషులో త, ట రెండింటికీ ఒకే అక్షరం రాస్తున్నామన్న సంగతి ఆ క్షణంలో తోచలేదు. త ఉన్న మాటలు సరిగానే మారాయి కానీ, ఆ ఫోల్డర్‌లో 'పాట' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా 'పాత' అయి కూర్చుంది. కంట్రోల్, జెడ్ మీటలతో వెంటనే వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి అక్షరక్రమం విషయంలో ఒక చిన్న నోటు పుస్తకంలో నియమాలు రాసుకొని, త అంటే ఎప్పుడూ హెచ్ ఉండాలని, దీర్ఘాలకు అక్షరం రెండుసార్లు రాయకూడదని నిర్ణయించుకొని, చేతితోనే సరిచేస్తున్నాను.

తెలుగు లిపిలోనే రాయవచ్చు కదా అని అడగవచ్చు. రాయవచ్చు, ఎంపీ3ట్యాగ్‌లో తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ట్యాగు రాసే పాత పద్ధతి ఐడీ3వీ1లో పాట పేరుకు 30 బైట్ల చోటు మాత్రమే ఉంటుంది, పైగా అది ఇంగ్లీషు వంటి లాటిన్ అక్షరాల కోసం ఏర్పడింది కాబట్టి అక్కడ తెలుగుకు దారి లేదు. ఈ సాఫ్ట్‌వేర్ మామూలుగా రాసే కొత్త పద్ధతిలో (ఐడీ3వీ2.3, అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-16) ఆ ఇబ్బంది లేదు. నా దగ్గరున్న పాత యూఎస్‌బీ మిక్సర్ తెర మీద మాత్రం తెలుగు అక్షరాల చోట ఖాళీ గడులు వస్తున్నాయి. అందువల్ల టైటిల్ ఇంగ్లీషు అక్షరాలలో, అదే పేరు కామెంట్ గడిలో తెలుగులో రాస్తున్నాను. డీజే సాఫ్ట్‌వేర్‌లో వెతుకులాటకు కామెంట్ గడిని కూడా చేర్చుకుంటే ఎలా కొట్టినా పాట దొరుకుతుంది.

పాట ఏ రకమో రాసే జానర్ గడిని నేను పూర్తిగా మన అవసరానికి మార్చుకున్నాను. పాప్, రాక్ వంటి మాటలు నల్లగొండ పెండ్లిలో ఎవరికీ పనికిరావు. అక్కడ హల్దీ, బరాత్, అప్పగింతలు, బోనాలు, నిమజ్జనం, బతుకమ్మ, తీజ్ అని సందర్భాల పేర్లు రాశాను. తండాల పెండ్లిళ్ళకు, ఫిబ్రవరి 15న జరిగే సేవాలాల్ జయంతికి వేసే బంజారా పాటలకు వేరే పేరు పెట్టాను. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర రెండేళ్ళకు ఒకసారి వస్తుంది కాబట్టి, ఆ లింగమంతుల స్వామి పాటలు నడుమ కాలంలో ఎక్కడ పెట్టామో మరిచిపోయేవాళ్ళం. ఇప్పుడు ఒక్క మాటతో అన్నీ వరుసగా వస్తాయి.

తోటివారికి రెండు జాగ్రత్తలు తప్పక చెప్పాలి. డీజే సాఫ్ట్‌వేర్ పాటను అది ఉన్న చోటును, ఫైలు పేరును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికే అందులోకి ఎక్కించి క్యూ పాయింట్లు, అంటే పాటలో ఎక్కడి నుంచి అందుకోవాలో చెప్పే గుర్తులు, పెట్టుకున్న పాట ఫైలు పేరును బయట మార్చితే, ఆ పాట కనిపించడం లేదని చూపిస్తుంది. అటువంటి పాటలలో ట్యాగులను మాత్రమే మార్చి, ఆ తరువాత ట్యాగులను మళ్ళీ చదివించుకోవాలి. రెండోది సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడేవారి కోసం. అది ఎంపీ3 పాటల క్యూ పాయింట్లను ఫైలు ట్యాగులలోనే దాస్తుంది కాబట్టి, ఎంపీ3ట్యాగ్‌లో ట్యాగు మొత్తం తొలగించే మీట నొక్కితే అవి కూడా పోతాయి. ఏదైనా సరే, పాటలను వేరే హార్డ్‌డిస్క్‌లోకి నకలు చేసుకున్నాకే మొదలుపెట్టాలి.

కొరతలూ ఉన్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ పాటను వినదు. బీపీఎం (నిమిషానికి ఎన్ని దరువులు), కీ (పాట శ్రుతి) తానుగా కనిపెట్టదు, వాటికి డీజే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాలి, అదీ తీన్‌మార్ దరువును ఒక్కోసారి రెట్టింపుగా, ఒక్కోసారి సగంగా లెక్కిస్తుంది. ఒకే పాట మూడు పేర్లతో ఉంటే పట్టి ఇవ్వదు. పాట నాణ్యతను సూచించే బిట్‌రేట్ చూపిస్తుంది, 192 కేబీపీఎస్ కన్నా తక్కువ ఉన్నవాటిని వడకట్టి చూపమంటే చూపుతుంది, కానీ 128లో దించుకొని 320గా మార్చి పంచిన పాటను అది 320 అనే నమ్ముతుంది. అది తెలుసుకోవడానికి నేను పెద్ద బాక్సుల మీద వేసి చెవితో వింటాను.

ఉచితంగా ఇంత పని చేసే పనిముట్టు విండోస్ వాడే డీజేకు తప్పనిసరి అని నా అభిప్రాయం. నా సంగ్రహంలో ఇంకా 3,000 పాటలు మిగిలి ఉన్నాయి. వాటిలో బతుకమ్మ ఫోల్డర్‌ను ముందు పట్టుకున్నాను, బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి అది పూర్తి కావాలి.