వాయిస్ టైపింగ్‌కి ఒక స్టెనో వేసిన మార్కులు

నా సర్వీసంతా డిక్టేషన్ తీసుకోవడంతోనే సరిపోయింది. అందుకే కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో టైపు చేసేస్తుందని మా అబ్బాయి చూపిస్తే, దాన్ని పోటీకొచ్చిన మనిషిని చూసినట్టే చూశాను.

స్పీడుకి వంక పెట్టలేను. షార్ట్‌హ్యాండ్‌లో నిమిషానికి 120 మాటలు అందుకున్నవాళ్లంటే మాకు గౌరవం. ఇది ఎంత గబగబా మాట్లాడినా వెనకబడదు. 1837లో వచ్చిన పిట్‌మన్ పద్ధతిలో హల్లులకు గీతలు, అచ్చులకు పక్కన చుక్కలూ చిన్న గీతలూ. స్పీడు పెరిగితే అచ్చులు ఎగిరిపోతాయి. ఎస్సెమ్మెస్‌ల కాలంలో పిల్లలూ అలాగే అచ్చులు మింగేశారు. ఉన్న చోటు 160 అక్షరాలే మరి! తెలుగు లిపిలో అయితే 70. అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరు తినేస్తుంది (స, త, ర, రెండు పొల్లులు, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా లెక్క). ఇప్పుడా పిసినారితనం లేదు, మా చుట్టాల గ్రూపులో నిండు వాక్యాలు కనిపిస్తున్నాయి.

ఇక తంటాలు. ఆఫీసరు "సోమవారం రండి... కాదు కాదు, మంగళవారం" అంటే నేను మంగళవారం ఒక్కటే ఉంచేదాన్ని. ఫోన్ మాత్రం "సోమవారం రండి కాదు కాదు మంగళవారం ఒరేయ్ ఎవరో తలుపు కొడుతున్నారు చూడు" అని మొత్తం దించేసింది. "కామా" అంటే కామా పెట్టదు, ఆ మాటే రాస్తుంది.

నాకు భలే నచ్చింది ఇంకొకటి. మా వదిన ఉత్తరాలన్నీ "మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అంటూ మొదలయ్యేవి. ఎదురుగా ఉంటే ఆవిడ అలా ఒక్క ముక్క మాట్లాడదు. ఇప్పుడు ఆవిడ మెసేజ్ "ఆ ఏం లేదు అదేంటంటే" అని మొదలవుతుంది, చదువుతుంటే మనిషి గొంతే వినిపిస్తుంది. అయితే నాలుగు పేరాల తర్వాత గానీ అసలు సంగతి రాదు, అది వేరే విషయం. యాస దగ్గరే నాకు కోపం. "వస్తన్నా" అంటే "వస్తున్నా" అని దిద్దేస్తుంది. ఆఫీసరు భాష దిద్దడం నా ఉద్యోగం, వదిన భాష దిద్దమని దీన్నెవరు అడిగారు?

సొంతవాళ్లతో కబుర్లకి ఐదుకి నాలుగు. అర్జీలకి, డబ్బు లెక్కలకి రెండే. అంకెలు ఒకసారి అక్షరాల్లో రాస్తుంది, ఒకసారి అంకెల్లో వేస్తుంది.