గాల్‌బ్లాడర్ ఆపరేషన్ డే కేర్ ప్యాకేజీ: రాత్రి బెడ్డు ఎవరికి కావాలి?

గాల్‌బ్లాడర్ రాళ్లకు పొద్దున ల్యాప్రోస్కోపీ (చిన్న కోతలతో, కెమెరాతో చేసే ఆపరేషన్) చేసి సాయంత్రం ఇంటికి పంపే ప్యాకేజీ మంచిదే, కానీ అందరికీ కాదు. “ఒక రాత్రి ఉంచుకుంటేనే భరోసా” అనే మాటలో సగమే నిజం ఉంది. లోపల రక్తస్రావం అయితే ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే పల్స్ పెరిగి, బీపీ పడిపోయి తెలుస్తుంది. పైత్యరసం లీకైతే మాత్రం చాలాసార్లు రెండు మూడు రోజుల తర్వాతే బయటపడుతుంది, అప్పటికి రాత్రి ఉన్నవాళ్లూ ఇంట్లోనే ఉంటారు. కాబట్టి ప్యాకేజీ రేటు కంటే ముందు అడగాల్సింది, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది డ్యూటీ డాక్టరా, రిసెప్షనా అని.

డే కేర్ అయితే పొద్దున మొదటి స్లాటే తీసుకోండి. మధ్యాహ్నం రెండుకు థియేటర్‌లోకి వెళ్తే అదే రోజు డిశ్చార్జ్ అనేది కాగితం మీది మాటే. పంపేముందు పేషెంట్ లేచి నడవాలి, మూత్రం పోయాలి, తాగింది వాంతి కాకుండా నిలవాలి, నొప్పి మాత్రలతోనే అదుపులో ఉండాలి. చాలామంది ఆగిపోయేది వాంతుల దగ్గరే.

కొన్నిచోట్ల సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. కోతల దగ్గర ఇచ్చే బుపివకైన్ మత్తు కొన్ని గంటలకే దిగిపోతుంది. సరిగ్గా ఇల్లు చేరాక నొప్పి మొదలవుతుంది. డాక్టర్ రాసిన మాత్ర ఆ మత్తు దిగకముందే పడాలి, నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. భుజం లాగితే గుండెనొప్పేమోనని హడలిపోతారు గానీ, చాలావరకు అది ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్లే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఛాతీ బిగపట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగకూడదు. జ్వరం, కళ్లు పచ్చబడటం, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి ఉన్నా వెంటనే వెనక్కి వెళ్లాలి.

గాల్‌బ్లాడర్ వాచి చీము పట్టినా, డ్రెయిన్ ట్యూబ్ పెట్టినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెజబ్బు ఉన్నా, ఇంట్లో తోడు లేకపోయినా రాత్రి ఉండటమే నయం. ఊరు మూడు గంటల దూరమైతే బెడ్డో, ఆసుపత్రి దగ్గర్లో లాడ్జి గదో చూసుకోండి.

24 గంటలు ఉండకపోతే ఇన్సూరెన్స్ రాదన్న భయం వద్దు. పాలసీలో డే కేర్ కింద ఉంటే క్లెయిమ్ వస్తుంది, ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ డెస్క్‌లో ముందే రాయించుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధన ప్రకారం క్యాష్‌లెస్ క్లెయిమ్‌లో ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన 3 గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. ఫైలు నాలుగింటికి కదిలితే ఏడింటికి కారెక్కొచ్చు.