హాస్యనటుల చిన్ననాటి ఇళ్ళు: పిల్లలతో కలిసి చూడటానికి ఏది మేలు?

ఒడిశా సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్ళ నుంచి సెలవులు రాగానే ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది. పిల్లలు కార్టూన్ల వయసు దాటారు, అందరం కలిసి కూర్చుని నవ్వుకునే ఇంగ్లీషు సీరియల్ ఒకటి చెప్పండి, హాస్యనటులు తమ బాల్యం మీద, తమ ఇంటివాళ్ళ మీద తీసినవి ఉన్నాయట కదా, వాటిలో ఏది మంచిది అని. అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి అమెరికా నటుడు క్రిస్ రాక్ తీసిన ‘ఎవ్రీబడీ హేట్స్ క్రిస్’, రెండోది ఐర్లండ్ నటుడు క్రిస్ ఓడౌడ్ తీసిన ‘మూన్ బాయ్’. మిగిలినవాటి గురించి చివర నాలుగు మాటలు చెబుతాను.

ఇలాంటి సీరియల్‌లో నేను ముందుగా చూసేది నాన్న పాత్రను. అమ్మ పాత్ర ఎవరు రాసినా ఎంతో కొంత పండుతుంది. కోపం, ప్రేమ, వంటగది, కేకలు అన్నీ కళ్ళ ముందు ఉంటాయి కాబట్టి రాయడం సులువు. నాన్న అలా కాదు. పొద్దున్నే వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చే మనిషిని పిల్లవాడు ఎంతవరకు చూశాడు, పెద్దయ్యాక ఎంతవరకు అర్థం చేసుకున్నాడు అన్నదాంట్లోనే రాసినవాడి నిజాయితీ బయటపడుతుంది. చాలా సీరియళ్ళలో తండ్రిని వెర్రిబాగులవాడిగా చూపించి నవ్వు పుట్టిస్తారు. నాకది నచ్చదు.

క్రిస్ రాక్ సీరియల్ 2005 నుంచి 2009 వరకు నాలుగు సీజన్లు, 88 ఎపిసోడ్లు వచ్చింది. కథ 1982లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ పేటలో మొదలవుతుంది. తండ్రి జూలియస్‌గా టెర్రీ క్రూస్ నటించాడు. రెండు ఉద్యోగాలు చేసే మనిషి. పగలు నిద్ర, రాత్రి పని. ఇంట్లో ప్రతి వస్తువు ఖరీదు ఆయన నాలుక చివర ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లోనే బల్ల మీద పాలు ఒలికితే, ఒలికింది 49 సెంట్ల పాలని చెప్పి ఎవరో ఒకరు తాగాల్సిందే అంటాడు. నిద్రపోతూ టైము చూసుకోలేవు కదా అని కొడుకు గదిలో గడియారం ప్లగ్గు పీకించేస్తాడు. లైటు ఆర్పలేదని గదిగదికీ తిరిగే నాన్నలు మన ఇళ్ళలోనూ ఉన్నారు కనుక దీనికి పిల్లలు ఎలాగూ నవ్వుతారు. నన్ను కట్టిపడేసింది అదే ఎపిసోడ్‌లోని మరో మాట. నాన్న ఎన్నడూ ప్రేమను నోటితో చెప్పే రకం కాదని, ఆ వీధిలో ఉన్న నలుగురు తండ్రుల్లో ఆయన ఒకడని, పనికి వెళుతూ పొద్దున్న కలుస్తానని చెప్పాడంటే తిరిగి ఇంటికి వస్తానని అర్థమని, ఇంటికి రావడమే ఆయన ప్రేమను చెప్పే తీరని క్రిస్ రాక్ తన సొంత గొంతుతో చెబుతాడు.

గంజాం జిల్లా ఊళ్ళ నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళే మగవాళ్ళ సంగతి మనకు కొత్త కాదు. ఈ విషయంలో ఒడియా ఇల్లు, తెలుగు ఇల్లు అన్న తేడా కూడా లేదు. మా చిన్నాన్న కొడుకు అక్కడే పని చేస్తాడు. సెలవుల్లో వాడి కూతురు మా ఇంటికి వచ్చినప్పుడు ఈ ఎపిసోడ్ పెట్టాను. ఆ మాట దగ్గర పిల్ల లేచి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, ‘పెదనాన్నా, మళ్ళీ మొదటి నుంచి పెట్టు’ అంది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. నా ఓటు ఎటో ఆ రోజే తేలిపోయింది.

మూన్ బాయ్‌కి అన్యాయం చేయకూడదు. 2012 నుంచి 2015 వరకు మూడు సీజన్లు, మొత్తం 18 ఎపిసోడ్లే. 2013లో ఉత్తమ కామెడీగా అంతర్జాతీయ ఎమ్మీ అనే టీవీ అవార్డు కూడా గెలుచుకుంది. ఐర్లండ్‌లో రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊరు ఓడౌడ్ పెరిగిన ఊరే. సీరియల్‌ను తీసింది కూడా అక్కడే. పర్లాకిమిడిలో పెరిగినవాళ్ళు ఆ వీధులను చూడగానే పోల్చుకుంటారు. ఎవరి అబ్బాయి ఎక్కడ తన్నులు తిన్నాడో సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయే తీరు అచ్చం మనదే. పన్నెండేళ్ళ మార్టిన్‌కి ముగ్గురు అక్కలు, ఇంకా వాడికి తప్ప ఎవరికీ కనిపించని ఊహా స్నేహితుడు ఒకడు. ఆ స్నేహితుడి వేషం ఓడౌడే వేశాడు. పెద్దయిన తాను చిన్నప్పటి తన పక్కన నిలబడి పనికిరాని సలహాలిస్తూ ఉంటాడన్నమాట. ఎంత అందమైన ఊహ! మార్టిన్ గీసుకున్న బొమ్మలు మధ్యమధ్యలో కదలడం మొదలుపెడతాయి. చిన్నపిల్లలకు అది పండగే. ఒట్టి నవ్వులే లెక్కపెడితే క్రిస్ కంటే ఇదే ఒక మెట్టు పైన ఉంటుంది.

నాన్న దగ్గరికి వచ్చేసరికి తేడా తెలుస్తుంది. మార్టిన్ తండ్రి లియమ్ మంచివాడు, మెత్తనివాడు. మొదటి ఎపిసోడ్‌లో కొడుకును కొట్టే పిల్లల సంగతి తేల్చుకుందామని వాళ్ళ తండ్రి దగ్గరికి వెళ్ళి, పిల్లల చేతిలో ఓడిపోయిన తండ్రులంతా చాటుగా చేరి గోడు వెళ్ళబోసుకునే గుంపులో కలిసిపోతాడు. ఆ ఘట్టం చాలా బాగుంటుంది. కానీ లియమ్ ఇంట్లో ఉండే తండ్రి. ఆయన రాక కోసం ఎవరూ ఎదురు చూడనక్కరలేదు, ఆయన లేకపోతే ఏమవుతుందన్న భయం ఆ ఇంట్లో లేదు. మార్టిన్ వాళ్ళ ఇల్లు హాయైన ఇల్లు. క్రిస్ వాళ్ళది అప్పు వాకిలి దాకా వచ్చి ఆగిన ఇల్లు. ఒక ఎపిసోడ్‌లో ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార కూపన్లు జూలియస్‌కు దొరికితే, వాటితో సరుకులు కొనడానికి తల్లి రొషెల్ నామోషీ పడుతుంది. రేషన్ దుకాణం వరసలో నిలబడటానికి ఇష్టపడని మన అత్తయ్యలకు, వదినలకు ఆ ముఖం వెంటనే అర్థమవుతుంది.

సరిహద్దు ఇళ్ళకు సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. క్రిస్ తన పేటలోని బడికి వెళ్ళడు. మంచి చదువు వస్తుందని తల్లి పట్టుబట్టి తెల్లవాళ్ళ పేటలోని బడికి పంపుతుంది. రోజూ రెండు బస్సులు మారాలి, అక్కడ నల్లపిల్లవాడు తనొక్కడే. కారూసో అనే పిల్లవాడు కొడతాడు, తిడతాడు. కొట్టినవాడి కంటే, ప్రేమగా మాట్లాడుతూనే వీడికి ఇంట్లో తిండి ఉండదని, తండ్రి వదిలేసి ఉంటాడని ముందే తీర్మానించుకునే టీచరమ్మ మిస్ మొరెల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలకు ఆ జాలి చూపు ఎంతో కొంత తెలుసు. దాని గురించి ఇంట్లో నోరు విప్పరు. ఈ సీరియల్ చూశాక మా బంధువుల పిల్లల్లో ఇద్దరు విప్పారు.

జాగ్రత్త పడవలసినవి కూడా ఉన్నాయి. రొషెల్ మాటిమాటికీ కొడతానని బెదిరిస్తుంది. జాతి పేరుతో తిట్లు వినిపిస్తాయి. పదకొండేళ్ళలోపు పిల్లలకైతే పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చెప్పాలి. మూన్ బాయ్‌లో కూడా మోటు మాటలు దొర్లుతాయి, పైగా ఆ యాస పట్టుకోవడం కష్టం. తెర కింద మాటలు చూపే అక్షరాలు (సబ్‌టైటిల్స్) పెట్టుకోకుండా మొదలుపెట్టవద్దు. 1990లో మేరీ రాబిన్సన్ ఐర్లండ్‌కు తొలి మహిళా అధ్యక్షురాలైన ఎన్నికలో మార్టిన్ తల్లి ప్రచారానికి దిగుతుంది. ఆ రాబిన్సన్ ఎవరో ముందే చెబితే పిల్లలు ఇంకా బాగా ఆనందిస్తారు.

మరో రెండింటి గురించి తరచూ అడుగుతారు. ‘ఫ్రెష్ ఆఫ్ ద బోట్’ తైవాన్ మూలాలున్న కుటుంబం 1995లో అమెరికాలోని ఆర్లాండో నగరానికి వెళ్ళిన కథ. పిల్లవాడు మధ్యాహ్నం తెచ్చుకున్న నూడుల్స్ డబ్బా తెరిస్తే తోటివాళ్ళు ముక్కు మూసుకునే ఘట్టం బాగుంటుంది. అయితే ఈ జీవితం ఎవరిదో ఆ ఎడ్డీ హువాంగే ఇది నా ఇల్లు కాదని బాహాటంగా అన్నాడు. మొదటి సీజన్ తర్వాత ఆయన గొంతు కూడా వినిపించదు. ‘లైఫ్ విత్ లూయీ’ కార్టూను, చిన్నపిల్లలకు పనికొస్తుంది. లూయీ ఆండర్సన్ నిజ జీవితంలో తండ్రి తాగుడు మనిషి. కార్టూనులో ఆ తండ్రిని యుద్ధం కబుర్లు చెప్పే పెద్దమనిషిగా మెత్తబరిచాడు. చూడండి, తప్పులేదు.

వారం రోజులే తీరిక ఉంటే, ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే మూన్ బాయ్ పెట్టుకోండి. అదే సెలవులంతా ఉంటే క్రిస్‌నే మొదలుపెట్టండి, ఎపిసోడ్లు వరస తప్పించకుండా చూడండి. సీరియల్‌లో కాలం 1987 దగ్గర ఆగిపోతుంది. క్రిస్ రాక్ నిజమైన తండ్రి జూలియస్ 1988లో చనిపోయాడు. ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పకండి, 88వ ఎపిసోడ్ అయ్యాక చెప్పండి.