రాజమండ్రి టికెట్, హైదరాబాద్‌లో దిగడం, పాలకొల్లు దారి

కువైట్ నుంచి వచ్చే మా రాజోలు వైపు వాళ్లకి విమానమంటే రాజమండ్రే. నిజానికి మధురపూడి ఎయిర్‌పోర్టు మాకేమంత దగ్గర కాదు. రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం మీదుగా ఇంటికి చేరేసరికి కారులో మూడు గంటలు తేలిగ్గా పడుతుంది. అదే పాలకొల్లు స్టేషన్లో దిగితే చించినాడ వంతెన దాటడమే, అవతల దిండి, ఇంకాస్త ముందుకెళ్తే రాజోలు.

ఈసారి టికెట్లు చూస్తుంటే ఒకే విమానానికి హైదరాబాద్ దాకా ఒక రేటు, హైదరాబాద్ మీదుగా రాజమండ్రి దాకా అంతకన్నా తక్కువ రేటు కనిపించాయి. విమాన ఛార్జీ దూరాన్ని బట్టి ఉండదు, ఆ ఊరికి గిరాకీ ఎంత, పోటీ ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. పైగా మేం సాయంత్రం హైదరాబాద్‌లో దిగితే రాజమండ్రి విమానం మర్నాడు పొద్దున. రాత్రంతా శంషాబాద్‌లో పడి ఉండాలి. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్ గది తీసుకుంటే మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. అందుకని రాజమండ్రి టికెట్టే కొని, హైదరాబాద్‌లో దిగిపోయి, నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బెర్తులు ముందే చేయించి పెట్టుకున్నాం. అవి లేకపోతే ఈ పని చేసేవాణ్ణి కాదు.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది సామాను. కువైట్ కౌంటర్లో పెట్టెలకి కట్టిన ట్యాగు మీద రాజమండ్రి కోడ్ ఆర్‌జేఏ ఉంది. అయినా పెట్టెలు హైదరాబాద్ బెల్టు మీదకే వస్తాయని, కస్టమ్స్ దాటించి మళ్లీ మనమే అప్పగించాలని అక్కడే అడిగి రూఢి చేసుకున్నాను. బెల్టు మీద పెట్టెలు తీసుకుని బయటికి నడిచాం. ఢిల్లీ నుంచో ముంబై నుంచో హైదరాబాద్ మీదుగా వచ్చేవాళ్లకి ఇది కుదరదు. వాళ్ల పెట్టె తిన్నగా రాజమండ్రి పోతుంది. చేతిసంచీతో వస్తేనే ఈ ఆలోచన చెయ్యాలి.

బయటికొచ్చే ముందు విమాన కంపెనీ కౌంటర్లో "రేపటి విమానం ఎక్కం, మా కోసం చూడకండి" అని చెప్పాను. ఇది మర్యాదే కాదు, అవసరం కూడా. ఎక్కని మనిషి కోసం గేటు దగ్గర పేరు పిలుస్తూ ఉంటారు. అతని పెట్టె విమానంలో ఉంటే వెతికి దించాకే బయల్దేరతారు. పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్న వాళ్లందరికీ ఆలస్యం మన వల్లే అవుతుంది.

ఇలా దిగిపోవడం నేరం కాదు గానీ, చాలా కంపెనీల షరతులకి విరుద్ధం. మన ఖాతాలో కూడిన మైళ్లు (ప్రయాణాలకి ఇచ్చే పాయింట్లు) రద్దు చేయొచ్చు, ఖాతానే ఆపేయొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి ఓస్లో విమానం ఎక్కని ప్రయాణికుడి మీద జర్మన్ విమాన కంపెనీ లుఫ్తాన్సా 2,112 యూరోలకి దావా వేస్తే, 2018లో బెర్లిన్ కోర్టు కొట్టేసింది. అలాగని మాటిమాటికీ చేసే పని కాదు.

మా బామ్మర్ది సంగతి వేరు. "బావా, నేనూ సంక్రాంతికి అలాగే దిగిపోతా" అన్నాడు. వాడిది అప్ అండ్ డౌన్ టికెట్. "నువ్వు మటుకు దిగకురా, తిరిగి వెళ్లే టికెట్టు మొత్తం పోద్ది" అని గట్టిగా చెప్పాను. మధ్యలో ఒక్క విమానం ఎక్కకపోయినా ఆ తర్వాతవన్నీ రద్దు చేస్తారు. టికెట్లో ఆఖరి విమానమొక్కటే వదలడానికి వీలుంటుంది. సెలవు అయిపోయాక డ్యూటీకి వెళ్లాల్సిన మనిషికి తిరుగు టికెట్టే ప్రాణం.

సికింద్రాబాద్ దాకా పుష్పక్ బస్సులో వెళ్లాం. పెట్టెలు పెట్టడానికి చోటుంది, హాయిగా ఉంది. స్టేషన్లో మాత్రం పెద్ద పెట్టెలతో ప్లాట్‌ఫాం మారడం నరకం, అమ్మానాన్నల్ని తీసుకొచ్చేవాళ్లు ఈ దారి పెట్టుకోవద్దు. రైల్లో నిద్రపోయి లేస్తే భీమవరం, కిటికీ రెండు వైపులా చేపల చెరువులే. పాలకొల్లులో దిగి, క్షీరారామం దర్శనం చేసుకుని, రాజమండ్రి విమానంలో వచ్చేవాళ్లకంటే ముందే ఇంట్లో ఉన్నాం.

మా ఇంట్లో చుట్టాలు నిండిపోయి ఉంటే రెండో రాత్రి దిండిలో గది తీసుకున్నాం. వసిష్ఠ గోదారి ఒడ్డున కొబ్బరితోట మధ్య అంత ప్రశాంతమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు. పండగ రోజుల్లో మాత్రం గది దొరకదు, ముందే చెప్పుకోవాలి. గది పని ఒక్కటే అయితే అమలాపురం లాడ్జీలు చవక, తిండికీ అక్కడే బావుంటుంది. అంతర్వేది వెళ్లేవాళ్లు పాలకొల్లులో దిగకుండా నరసాపురం దాకా వెళ్లి, రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటడం మేలు. బైకులు, ఆటోలు, కార్ల మధ్య నిలబడి గోదారి దాటుతుంటే పిల్లలకి అంతకన్నా సంబరం ఉండదు. భీష్మ ఏకాదశి రథోత్సవానికైతే అక్కడ బస దొరుకుతుందని ఆశపడొద్దు, నరసాపురంలోనే ఉండండి.

ద్రాక్షారామం, కాకినాడ వైపు వాళ్లకి ఈ లెక్క పనిచెయ్యదు. వాళ్లకి రాజమండ్రి విమానమే సుఖం, అది వదులుకుని పాలకొల్లు రావడం చుట్టుతిరుగుడు.

బామ్మర్ది చివరికి రానూపోనూ హైదరాబాద్ దాకానే టికెట్ తీశాడు. కాస్త ఎక్కువైంది గానీ తిరుగు ప్రయాణం భద్రం. ఇప్పుడు వాడి బెంగంతా సంక్రాంతి ముందురోజుల్లో నరసాపూర్ బండిలో బెర్తు గురించే.