బ్లావ్ మ్యాపు అనుకుని కొన్నది ప్రింటు: ఫ్రేము విప్పించకుండా డబ్బులు ఇవ్వకండి

నెదర్లాండ్స్‌లో పాత మ్యాపులు కొనే మనవాళ్లు, ముఖ్యంగా సంతల్లో ఫ్రేము కట్టినవి కొనేవాళ్లు, దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మాది బందరు. అక్కడి డచ్ వాళ్ల సమాధులు చూస్తూ పెరిగాను. అందుకే ఆ కాలపు డచ్ మ్యాపుల తయారీదారు విలెమ్ బ్లావ్ 1635లో అచ్చువేసిన మ్యాపు, మన దేశం నుంచి జపాన్ దాకా చూపించేది, ఒక్కటైనా ఇంట్లో ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక. పోయిన నెల ఇక్కడి ఆదివారం సంతలో కనబడింది. "అసలుదే, ఫ్రేము విప్పితే కాగితం పాడవుతుంది" అన్నాడు అమ్మేవాడు. అద్దం వెనక నడిమధ్యన మడత, జపాన్ పక్కన టీ రంగు మరక. నమ్మేశాను. 900 యూరోలు ఇచ్చాను.

ఇంటికొచ్చి పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి చూస్తే ఓడల తెరచాపల మీద అన్నీ రంగు చుక్కలే, ఇప్పటి ప్రింటుకు గుర్తు. గుండె జారిపోయింది. ఫ్రేము విప్పి మడత మీద వేలు పెట్టి జరిపాను. నున్నగా ఉంది. మడత లేదు, మడత నీడ ప్రింటయింది. మరకా అంతే.

అసలు మ్యాపులు ఎలా తయారయ్యేవో తెలిస్తే ఈ మోసం వెంటనే దొరుకుతుంది. రాగి పలక మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితాన్ని ప్రెస్సులో గట్టిగా ఒత్తేవాళ్లు. కాబట్టి నల్లగీత ఎక్కడా చుక్కలుగా విడిపోదు. అంచులు కత్తిరించని కాగితమైతే మ్యాపు చుట్టూ పలక ఒత్తుకున్న పల్లం చేతికి తగులుతుంది. రంగులు కుంచెతో చేత్తో వేసినవి, అక్కడక్కడా గీత దాటతాయి. అప్పటి ఆకుపచ్చలో రాగి ఉండేది. అది ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది, వెనక్కి తిప్పితే అదే ఆకారంలో గోధుమరంగు కనిపిస్తుంది. నా దాని వెనక తెల్లగా, శుభ్రంగా ఉంది. అట్లాసులోంచి తీసిన కాగితాలకు వెనక లాటిన్‌లోనో, ఫ్రెంచ్‌లోనో, డచ్‌లోనో వివరణ ఉంటుంది. విడిగా అమ్మినవాటికి ఉండకపోవచ్చు కాబట్టి, వెనక ఖాళీగా ఉందని మాత్రమే నకిలీ అనుకోవద్దు.

వెనక్కి తీసుకోమని వెళ్తే బిల్లు చూపించాడు. "పాత మ్యాపు, ఫ్రేముతో" అని మాత్రమే ఉంది. ఏడాది లేదు, బ్లావ్ పేరు లేదు. నేను ఆ రోజు చదవకుండా జేబులో పెట్టుకున్నాను. మీరు మాత్రం ఎవరు వేశారు, ఏ ఏడాది, రాగి పలక ముద్రణేనా అన్నది బిల్లులో రాయించుకోండి. కాదని తేలితే డబ్బు వాపసు ఇస్తానని కూడా రాయమనండి. రాయనంటే వదిలేయండి. ఫ్రేము విప్పనన్నా వదిలేయండి, ఎంత ముచ్చటపడ్డా సరే.

నిన్న మళ్లీ అటు వెళ్లాను. అదే బల్ల మీద అదే మ్యాపు ఇంకొకటి పెట్టాడు. జపాన్ పక్కన, అదే చోట, అదే మరక.